నన్ను దాటుకోని పోరా

...కాదు, ఇది కాదు. మళ్ళీ అదే వచ్చింది. మొదటి వరస తడుముకోకుండా వస్తుంది. 'యాడికి బోతివి సామీ, యీ మండే ఇసక మింద.' అక్కడిదాకా లోపల పలికేది దాదా గొంతే. తర్వాత ఒక ఊపిరికి సరిపడా ఖాళీ. ఆ ఖాళీలోకి రెండో వరస రావాలి. వస్తున్నది మాత్రం తన గొంతు, తన పాట. 'నన్ను దాటుకోని పోరా.'

నయీం కిటికీ ఊచ మీది చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకుని, మళ్ళీ ఊచే పట్టుకున్నాడు. పులివెందులలో బస్సు కదిలేలోపు గుర్తొస్తుందనుకున్నాడు. అరటితోటలు దాటేలోపు అనుకున్నాడు. ఇప్పుడు రోడ్డు పక్కన నాపరాయి పలకలు పేర్చిన కుప్పలు కనిపిస్తున్నాయి. ముద్దనూరు వచ్చేలోపు, అనుకున్నాడు. ఇట్లా గడువులు పెట్టుకోవడం వల్లనే రావడం లేదేమో. వెతకడం మానేస్తే దానంతటదే వస్తుందంటారు. మానేశాడు. మానేసినట్టు నటిస్తున్నాడని మనసుకు తెలిసిపోయింది. అది లోపల ఏదో మూల కూర్చుని, ఇంకా గట్టిగా తలుపు వేసుకుంది.

సాయంత్రం పీర్లు జలధికి పోతాయి. జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఉన్న దాదా ఊళ్ళో, మొహర్రం పదో రోజున చావిడి నుంచి ఏటిదాకా పీర్లను ఎత్తుకుపోతారు. వాటి ముందర నడుస్తూ పాడేది నయీం ఇంటివాళ్ళే. ముందు దాదా నాయన పాడేవాడు, తర్వాత దాదా. నయీం నాయన కువైట్‌లో లారీ తోలుతాడు కాబట్టి ఆ వంతు ఆయన్ను తప్పించుకుని పోయింది. పాటలో ప్రతి రెండు వరసలూ ఒకడే పాడాలి. మొదటిది ప్రశ్న, రెండోది జవాబు. ఎన్నిసార్లు తిరిగినా జవాబు అదే. అది ముగిశాక ఊరంతా 'ఊసేనయ్యా' అని అడుగు వేస్తుంది. జవాబు లేకపోతే అడుగు పడదు.

ఈ ఏడు దాదాకు గొంతు లేదు. అందులోంచి గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది, మాట మాత్రం గాలిలాగా మిగిలింది. చెవులు అంతకుముందే చాలావరకు పోయాయి. పెద్ద పీరుకు గుడ్డ ఇచ్చే ఇంటి ఆదినారాయణ చెయ్యి పట్టుకుని, 'నా మనమడు పాడతాడు' అని పెదాలు కదిపి ఆయనే చెప్పాడట.

“నువ్వెట్లాగూ పాడేవోనివే గదప్పా,” అని ఆదినారాయణ అప్పుడే ఫోన్ చేశాడు. “ఆడాడ పాడతాండావు, మన పీర్ల కాడ పాడేకి ఏం రోగం?”

“పాడతాలే మామా,” అన్నాడు నయీం. పాట తనలో ఉందో లేదో చూసుకోలేదు. దప్పిక లేనప్పుడు బావిలోకి తొంగి చూసేదెవరు?

ఈ పొద్దున లాడ్జిలో పళ్ళు తోముకుంటూ ఊరికే మొదలుపెట్టాడు. మొదటి వరస. ఊపిరి. 'నన్ను దాటుకోని పోరా.' నవ్వొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత నవ్వు రాలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ వరస గురించి అన్నీ తెలుసు. ఎంత పొడుగో తెలుసు. ఎక్కడ గొంతు కిందికి దిగుతుందో, చివర్లో దాదా గడ్డం ఎట్లా పైకి లేస్తుందో తెలుసు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో హారాన్ని బయటికి తీసినాక డబ్బాలోని మఖమలు మీద దాని గుంట కనబడుతుంది. ఆ గుంట ఉంది. ఒక్కో పూస పడిన చోటు కూడా వేలితో తడిమి చెప్పగలడు. హారం లేదు.

పోయింది ఎక్కడో కూడా తెలుసు. ప్రొద్దుటూరులో నైటీలు అమ్మే అంగడి పైగదిలో పోయింది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి కమాల్ బాషా ఆ గదికి స్టూడియో అని పేరు పెట్టాడు. అక్కడ ఒక మధ్యాహ్నం నయీం తన ఫోన్లో రికార్డు చేసి తెచ్చిన దాదా పాటను వినిపించాడు. మూడడుగులు వేసి ఒకచోట ఆగే ఆ నడక ర్యాప్‌కు కొలతలు తీసి కుట్టినట్టుంది. 'సామీ' ఉన్న చోట 'మామా' పడింది. 'బోతివి' కాస్తా 'బోతావ్' అయింది. 'యాడికి బోతావ్ మామా, నన్ను దాటుకోని పోరా.' ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణం కమాల్ బాషా కుర్చీలోంచి లేచి ఎగిరాడు. ఫ్యాను రెక్క చేతికి తగిలి రక్తం కారుతున్నా ఎగిరాడు.

ఆ పాటకు ఒక మనిషి కావలసి వచ్చాడు. నాపరాయి అని పేరు పెట్టుకున్నాడు నయీం. నాపరాయి కొడవలి నూరుకుంటాడు, జీపు మీద నిలబడతాడు, నాటుబాంబు వాసన తల్లిపాల వాసనంటాడు. నయీంకు దీపావళి టపాసుల వాసన తప్ప ఇంకోటి తెలియదు. అయినా జనానికి నాపరాయి నచ్చాడు. పెళ్ళిళ్ళలో మోగాడు, జిమ్ముల్లో మోగాడు, ఫోన్లలో పదిహేను సెకన్ల ముక్కలై తిరిగాడు. హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి, “చిన్నప్పుడు మీరు ఫ్యాక్షన్ చూశారా?” అని గొంతు తగ్గించి అడిగింది. “శానా,” అన్నాడు. ఆమె భుజాలు ముడుచుకోవడం చూశాడు. ఆమె భయపడింది తనను చూసి కాదు, తను కూర్చున్న కుర్చీలో ఇంకెవరినో చూసి. ఆ ఇంకొకడితో పోటీ పడుతూ బతకాలని అప్పుడే అర్థమైంది. ఇప్పుడు ఆ హైదరాబాదువాళ్ళు రెండో పాట కావాలంటున్నారు. ఇంకా గట్టిగా ఉండాలంటున్నారు. నెలల తరబడి ఒక్క ముక్క రాలేదు.

నిన్న పులివెందులలో స్టేజి దిగుతుంటే ఒకడు భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర, “అన్నా, నువ్వు మనోళ్ళేనంట గదా?” అన్నాడు. ఎవరోళ్ళని నయీం అడగలేదు. “సీమోన్ని,” అన్నాడు. ఎక్కడికి పోయినా ఇదే జవాబు. వాడు సంతోషంగా సెల్ఫీ తీసుకుని పోయాడు. ఆ జవాబులో అబద్ధం లేదు. దాని వెనకాల దాక్కునేంత చోటు మాత్రం ఉంది.

క్యాసెట్టు మీద ఇంకో పాట ఎక్కిస్తే కింది పాట చచ్చిపోతుందని నాయన చెప్పేవాడు. ఇప్పుడు తనకు అట్లాంటిదే జరిగి ఉంటే? ఆ ఒక్క వరసే కాదేమో. తను మరిచిపోయానని కూడా మరిచిపోయినవి ఇంకెన్ని ఉన్నాయో. ఫోన్ తీసి అమ్మకు చేశాడు.

అమ్మ రషీదా ప్రొద్దుటూరులో ఇంట్లోనే నైటీలు కుడుతుంది. ముందు మిషన్ చప్పుడు వినిపించింది, తర్వాత ఆమె.

“తిన్యావా?”

“తిన్యా. మా, దాదా పీర్ల పాట ఉండాది సూడు. అది ఒకసారి పాడు.”

“నేనా? ఏమబ్బా, ఎండ దెబ్బ తగిలిందా?”

“ఊరికే. ఎట్లా ఎత్తుకుంటాడో సరి సూసుకుంటాండా.”

“నేను ప్రొద్దుటూరు పిల్లను. మీ ఊరి పీర్ల గుండం కాడికి నన్నెవరు రానిచ్చిరి? మీ దాదా బుజాల మింద కూకోని సూసినోనివి నువ్వు.” మిషన్ ఆగింది. “ఉండు, వస్తాది.”

ఆమె సన్నగా మొదలుపెట్టింది. 'యాడికి బోతివి సామీ, యీ మండే ఇసక మింద.' నయీం ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు. అమ్మ ఊపిరి పీల్చడం వినిపించింది. 'నన్ను దాటుకోని పోరా.'

“ఛ, అది నీది గదా,” అని ఆమె నవ్వింది. “ఏం జేసినావురా, నోరు దానికే అలవాటుపడిపాయ. పక్కింటి పర్వీన్ పిల్లోడు దినామూ అదే పెడతాడు.” నవ్వు ఆగాక అడిగింది. “ఏంది, నీకు రాదా?”

“నాకెందుకు రాదు?”

ముద్దనూరు ఎప్పుడు దాటిందో చూడలేదు.

జమ్మలమడుగు బస్టాండు బయట కమాల్ బాషా చిన్న లారీలో స్పీకర్లు కట్టుకుని కాచుకున్నాడు. లారీ ముందు అద్దం మీద నాపరాయి బొమ్మ. నల్ల కళ్ళద్దాలు, ముడిచిన కనుబొమలు. నయీం దాని పక్కనుంచి ఎక్కి కూర్చున్నాడు.

“రాప్పా స్టారూ,” అన్నాడు కమాల్ బాషా. “పులివెందల్లో స్టేజీ విరగదొక్కినావంట గదా. మొగం మాత్రం పీనిగ మాదిరి ఉండాది.”

“బాషా, దాదా పాత రికార్డింగ్ ఉండాదా?”

“మన పాట మొదుట్లో ఉండేది అదే గదా.”

“అది కాదు. మొత్తం.”

“మొత్తం యాడిదబ్బా. ఆ కంప్యూటర్ సచ్చి ఎన్నాళ్ళాయ. నీ ఫోను సూడు.”

“ఆ ఫోను అమ్మేస్తి.”

“ఇంగేముంది మరి. అయినా కొయ్యమన్నోనివి నువ్వే. నేను రెండోది గూడా ఉంచుదామంటి. 'వద్దు, అది ఏడుపుగా ఉండాది, బీటు పడిపోతాది, కొయ్' అంటివి.”

“నేనన్నానా?”

“నువ్వు గాక నా పెండ్లామా?” కమాల్ బాషా గేరు మార్చాడు. “కొయ్యకుంటే ఈ లారీ యాడిది, నీ పులివెందల యాడిది?”

“నీకేమన్నా గుర్తుండాదా, ఆ రెండోది?”

“నాకు మాటలు నిలవవురా. చప్పుడే. ధమ్, ధమ్, ధమ్, ఆగు.” స్టీరింగు మీద కొట్టి చూపించి, పక్కకు తిరిగాడు. “మర్సిపోయినావా ఏంది?”

“లే. సరి సూసుకుంటాండా.”

ఏడుపుగా ఉండాది. సరే, అది ఒక ఆధారం. ఏడుపు దేని గురించి? ఇసక, ఎండ. తర్వాత వచ్చేది నీళ్ళే అయ్యుండాలి. దప్పికై ఉండాలి. నయీం కళ్ళు మూసుకున్నాడు. 'నీల్లడిగిన పిల్లలకు యేమి జెప్పుకుందు నేను.' కొలత సరిపోయింది. గొంతు దిగాల్సిన చోట దిగింది. గడ్డం లేవాల్సిన చోట లేచింది. ఎవరూ పట్టుకోలేరు. రెండేళ్ళు పోతే ఇదే పాత పాటవుతుంది. అచ్చం దాదా పాడినట్టే ఉంది. ఇంత సులువుగా అల్లగలిగినవాడికి ఇక అసలుదేదో తెలిసేది ఎట్లా? అల్లినది పక్కన పెట్టాడు. కానీ పారేయలేదు. జేబులో దొంగనోటు ఉన్నవాడిలా, అవసరమైతే ఉందిలే అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు ఇంకా భయమేసింది.

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ. పైన పీర్లు, కింద నాపరాయి, పీర్ల కంటే నాపరాయి బొమ్మే పెద్దది. లారీ ఆగగానే పిల్లలూ పడుచువాళ్ళూ చుట్టుముట్టారు. కమాల్ బాషా మైకు తట్టి చూడగానే, ఎవరూ అడగకుండానే, గుంపంతా ఒక్కసారిగా అందుకుంది. “నన్ను దాటుకోని పోరా!” ఆ అరుపులో ఎగతాళి లేదు. అభిమానమే ఉంది. నయీం చెయ్యి ఊపాడు. అభిమానం మీద ఎట్లా కోప్పడాలో ఎవరూ నేర్పలేదు.

ఆదినారాయణ పళ్ళెంలో పచ్చ పట్టుగుడ్డ మడిచి పెట్టుకుని చావిడికి నడుస్తున్నాడు. పెద్ద పీరుకు కట్టే మొదటి గుడ్డ వాళ్ళింటి నుంచే రావాలి. అది కట్టందే పీరు లేవదు.

“వస్తివా అల్లుడా. మంచిపని జేస్తివి. లేకుంటే ఈ ఏడు డీజే పెడదామంటాండ్రి ఈ నాయాండ్లు.”

నయీం ఆయన పక్కన నడిచాడు. మాట ఎక్కడినుంచి మొదలుపెడితే అనుమానం రాదో చూసుకున్నాడు. “మామా, నువ్వు చిన్నప్పట్నుంచి వింటాండావు గదా. దాదా రెండో వరస ఎత్తుతాడు సూడు, అది మీ కాలంలో గూడా ఇట్లే పాడేవాడా?”

“ఇట్లే. ఏముందప్పా అందులో, ఊరందరికీ వచ్చిందే.” ఆదినారాయణ నడుస్తూనే అందుకున్నాడు. 'యాడికి బోతివి సామీ, యీ మండే ఇసక మింద...' పళ్ళెం పట్టుకున్న చేతులు తాళానికి లేచాయి, అట్లాగే నిలబడ్డాయి. పెదాలు కదిలాయి. “థూ. నోట్లోనే ఉండాది.” ఇంకోసారి మొదలుపెట్టి, అక్కడే ఆగాడు. “ముసిలోని నోట వినీ వినీ, మన నోట ఎప్పుడన్నా పలికితే గదా. గుడ్డ మాది, పాట మీది. ఎనకాల ఊసేనయ్యా అనేవాల్లం మేము.” నాలుగడుగులు వేశాక తలతిప్పి చూశాడు. “నీకు వచ్చు గదా?”

“రాకుండా యాడికి పోతాది మామా.”

ఊళ్ళో అందరికీ వచ్చిన వరస ఒక్కరి నోట్లో కూడా లేదు. ఉన్నది ఒకే ఒక్క మనిషిలో, ఆ మనిషికి గొంతు లేదు, రాయడమూ రాదు.

దాదా చావిడి అరుగు మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెడ మీద కోసిన గుర్తు కనబడకుండా తువ్వాలు చుట్టుకున్నాడు. నయీంను చూసి రెండు చేతులూ చాపాడు. దగ్గరికి పోతే, తువ్వాలు సర్దుకున్న వేళ్ళతోనే నయీం గొంతు తడిమాడు. కోడిపెట్టను కొనేముందు బరువు చూసేవాళ్ళు తడిమినట్టు. తృప్తిగా తల ఊపాడు.

ఇప్పుడు అడగాలి. నయీం ఆయన చెవి దగ్గర వంగాడు.

“దాదా.”

దాదా తల ఊపాడు.

“దాదా, ఆ రెండో వరస...”

మళ్ళీ తల ఊపాడు. ఏం చెప్పినా ఊపేటట్టున్నాడు. గట్టిగా అరిస్తే తప్ప ఆయనకు వినపడదు. అరుగు నిండా ఊరివాళ్ళున్నారు. అరుగు కింద పడుచువాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. నాపరాయి తన దాదా చెవిలో 'నాకు పాట రాదు' అని అరవడం అందరి ఫోన్లలోకి ఎక్కుతుంది. నయీం నడుము ఎత్తి నిలబడ్డాడు.

ఊదు పొగ లేచింది. ఆదినారాయణ ఇంటి గుడ్డ పెద్ద పీరుకు కట్టారు. పీర్లు ఒకటొకటిగా గుమ్మం దాటి ఎండలోకి వచ్చాయి. ఆడవాళ్ళు బొరుగులూ బెల్లమూ చల్లారు. తప్పెట మొదలైంది. మూడు దెబ్బలు, ఒక ఆగుడు. ఎత్తినవాళ్ళు, వెనకాలవాళ్ళు, అరుగు మీదివాళ్ళు, అందరూ నయీం వైపు తిరిగారు. మైకు చేతిలో ఎవరు పెట్టారో తెలియదు. లారీ మీది స్పీకర్లు చావిడి వైపే మొహం పెట్టి ఉన్నాయి.

“యాడికి బోతివి సామీ, యీ మండే ఇసక మింద...”

తన గొంతు తనకే కొత్తగా, పలచగా వినిపించింది. ఇంతకాలం బీటు మీద నిలబడిన గొంతు ఇప్పుడు దేనిమీద నిలబడాలో తెలియక ఊగింది. తర్వాత ఖాళీ వచ్చింది. ఒక ఊపిరి. రెండు. జేబులోని దొంగనోటు నాలుక మీదికి వచ్చింది. 'నీల్లడిగిన పిల్లలకు...' పెదాలు తెరుచుకున్నాయి.

దానికంటే ముందు పడుచువాళ్ళు అందుకున్నారు. “నన్ను దాటుకోని పోరా!”

కొందరు నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. ముసలివాళ్ళు నేల చూశారు. వెనక ఎవరో అలవాటుకొద్దీ “ఊసేనయ్యా” అన్నారు, జనం అడుగు వేశారు, పీర్లు ముందుకు ఊగాయి. అంతే. సరిపోయింది. ఏ అడుగూ తప్పలేదు. నయీం దాదా వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని, మోకాలి మీద చేత్తో తాళం వేస్తున్నాడు. ధమ్, ధమ్, ధమ్, ఆగు. పెదాల మీద నవ్వు ఉంది. తప్పెట అదిరింపు అరుగులోంచి ఆయన ఒంట్లోకి పోతోంది. జనం అన్న మాటలు పోవడం లేదు. ఆయన లోపల ఈ క్షణాన ఆ రెండో వరస మోగుతోంది, మనమడి గొంతులో మోగుతోంది. ఏటిదాకా ఇట్లాగే పోవచ్చు. ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఇంకెవరూ అడగరు. ఆ వరస ఆయనతోపాటే, నవ్వుతూ, ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుంది.

తప్పెట మళ్ళీ ఆగే చోటికి వచ్చింది. ఇప్పుడు ప్రశ్న పాడాలి. నయీం పాడలేదు. తప్పెట ఇంకో చుట్టు తిరిగింది. పాడలేదు. పీర్లు ఎత్తినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లారీ మీంచి కమాల్ బాషా, “ఏమాయరా?” అని చేత్తో అడిగాడు. తప్పెటవాడు పుల్ల ఎత్తి పట్టుకుని అట్లాగే నిలిచిపోయాడు.

నేల అదరడం ఆగగానే దాదా కళ్ళు తెరిచాడు. మోకాలి మీది చెయ్యి ఆగింది.

నయీం వెనక్కి తిరిగి అరుగు మెట్టెక్కి, ఆయన ముందు చతికిలబడ్డాడు. ఫోన్లన్నీ అటే తిరిగాయి. మైకును నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు, ఆయనకు వినపడేటట్టు.

“దాదా,” అన్నాడు. రెండు స్పీకర్లూ ఆ మాటను ఏటి అవతలి గట్టుదాకా మోశాయి. “రెండో వరస ఏంది? నాకు రాలే.”